మూడో చీలిక తెరిస్తే

(ఆచార్య సూరి భగవంతం స్మృతిలో ఖిలా వరంగల్‌లో చేసిన ప్రసంగ పాఠం)

 

భగవంతం గారి పదవుల గురించి ఇవాళ ఎక్కువ మాట్లాడను. ఆయన ఉస్మానియా విశ్వవిద్యాలయానికి వైస్ చాన్సలర్‌గా పనిచేశారు. బెంగళూరులో ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌కు డైరెక్టర్‌గా, ఆ తరవాత రక్షణ మంత్రికి శాస్త్ర సలహాదారుగా ఉన్నారు. అవన్నీ చరిత్రలో నమోదై ఉన్నాయి. నాకు మరింత ఇష్టమైన భగవంతం అంతకు ముందటి మనిషి. కృష్ణా జిల్లా ఆగిరిపల్లిలో 1909లో పుట్టి, హైదరాబాద్ నిజాం కాలేజీలో చదువుకుని, కలకత్తా వెళ్లి రామన్ ప్రయోగశాలలో చేరిన కుర్రవాడు. 1931లో, ఇరవై రెండేళ్ల ప్రాయంలో, గురువుతో కలిసి ఒక పరిశోధనా పత్రం ప్రచురించాడు. ఫోటాన్‌కు స్పిన్ ఉందనడానికి ప్రయోగం ద్వారా రుజువు చూపడం అందులోని విషయం. అణువులు చెదరగొట్టిన కాంతిలో ధ్రువణం ఎంత నిలిచింది, ఎంత పోయింది అని కొలిచి, ఆ కొలతలోంచి కాంతి కణపు లక్షణాన్ని రాబట్టారు ఇద్దరూ.

క్వాంటం యాంత్రిక శాస్త్రం పుట్టి అప్పటికి ఐదారేళ్లే. యూరప్‌లో మహామహులు దాని అర్థం గురించి వాదించుకుంటున్న రోజులు. వీళ్లిద్దరూ ఆ వాదనలోకి దిగలేదు. సిద్ధాంతం ఒక మాట అంటోంది కదా, ఆ మాట నిజమో కాదో కాంతినే అడుగుదాం అన్నారు. ఈ పద్ధతి నాకు ప్రాణం. అందుకే ఆయన స్మృతిలో మాట్లాడమన్నప్పుడు అదే పద్ధతిలో నడిచిన ఇంకో కథను ఎంచుకున్నాను. కణాల వ్యతికరణం గురించి, అంటే వేర్వేరు దారుల్లో వచ్చిన తరంగాలు కలిసి ఒకచోట బలపడటం, ఇంకోచోట రద్దుకావడం గురించి, దాన్ని మనుషులు ఎంత పట్టుదలగా పరీక్షించారన్న దాని గురించి. ఆ కథలో ఒక ముఖ్యమైన ఘట్టం మన తెలుగునేల అంచున, హిందూపురం పొరుగున జరిగింది. అక్కడికి వస్తాను.

భగవంతం పుట్టిన 1909లోనే కేంబ్రిడ్జిలో జి. ఐ. టేలర్ ఒక ప్రయోగం చేశాడు. గ్యాసు దీపం వెలుతురును పొగపట్టించిన గాజుల గుండా పంపి బాగా బలహీనం చేసి, ఒక సూది నీడను ఫోటో ప్లేటు మీద పట్టాడు. అన్నింటికంటే బలహీనమైన వెలుతురులో ఆ ప్లేటుకు దాదాపు 3 నెలలు పట్టింది. నీడ అంచున ఉండే వివర్తన పట్టీలు మాత్రం చెక్కుచెదరలేదు. వెలుతురు ఎంత తగ్గినా పట్టీలు మసకబారలేదు. అంత బలహీనమైన వెలుతురులోనైనా ఫోటాన్లు నిజంగా ఒక్కొక్కటిగానే వస్తున్నాయా అన్న సందేహాన్ని ఈ ప్రయోగం పూర్తిగా తీర్చలేదు. ఒంటరి ఫోటాన్లను నిక్కచ్చిగా వేరుచేసి వాటి వ్యతికరణం చూపింది 1986లో ఫ్రాన్స్‌లో గ్రాంజియే, రోజే, ఆస్పే. అయినా దారి వేసింది టేలరే.

కాంతి సరే, బరువున్న కణాల మాటేమిటి? ఎలక్ట్రాన్లు తరంగాల్లా వివర్తనం చెందుతాయని 1927లో డేవిసన్, జెర్మర్ అమెరికాలోనూ, జి. పి. థామ్సన్ బ్రిటన్‌లోనూ చూపారు. ఎలక్ట్రాన్లతో జంట చీలికల ప్రయోగం చేయగలిగింది మాత్రం 1961లో, జర్మనీలోని ట్యూబింగెన్‌లో యోన్సన్. 1989లో జపాన్‌లో హిటాచీ ప్రయోగశాలలో తొనొమురా బృందం ఎలక్ట్రాన్లను ఒక్కొక్కటిగా పంపి, తెర మీద ఒక్కో చుక్కా పడటం చిత్రీకరించింది. మొదట చుక్కలు ఎక్కడ పడుతున్నాయో అర్థం కాదు, చల్లినట్టు ఉంటాయి. వేలల్లోకి వెళ్లేసరికి పట్టీలు తేలతాయి. విద్యార్థులూ, ఆ దృశ్యం చూడని వాళ్లుంటే ఈ వారమే చూడండి. ఒక ఎలక్ట్రాన్ ఇంకో ఎలక్ట్రాన్‌తో కలిసి పట్టీలు కట్టడం లేదు. ప్రతి ఎలక్ట్రానూ విడిగానే వస్తోంది.

న్యూట్రాన్ వ్యతికరణమాపకం గురించి కొంచెం నింపాదిగా చెప్పాలి, ఎందుకంటే దాన్ని ఊహించుకోవడానికి మనం కూర్చున్న చోటు చాలా అనువైంది. స్వయంభూ దేవాలయ శిథిలాల చుట్టూ నాలుగు దిక్కులా నాలుగు కీర్తితోరణాలున్నాయి. దక్షిణ తోరణం దగ్గరికి ఒక న్యూట్రాన్ వచ్చిందనుకోండి. అక్కడ దాని దారి రెండుగా చీలింది. ఒకటి తూర్పు తోరణానికి, ఒకటి పడమటి తోరణానికి. ఆ రెండు చోట్లా దారులు లోపలికి మలుపు తిరిగి ఉత్తర తోరణం దగ్గర మళ్లీ కలుస్తాయి. ఉత్తర తోరణం దాటాక బయటికి రెండు దారులు, ఒక్కోదాని చివర ఒక్కో కౌంటరు. ఇప్పుడు తూర్పు దారిలో పలుచటి లోహపు రేకు ఒకటి పెట్టి దాన్ని మెల్లగా తిప్పుతూ పోతే ఒక కౌంటరులో లెక్క తగ్గుతుంది, రెండోదానిలో అంతే పెరుగుతుంది. ఇంకా తిప్పితే ఇది తారుమారవుతుంది. న్యూట్రాన్ పడమటి దారిన మాత్రమే వెళ్లి ఉంటే తూర్పున ఉన్న రేకు సంగతి దానికెలా తెలిసింది? తూర్పు దారిన మాత్రమే వెళ్లి ఉంటే రేకు తిప్పినంత మాత్రాన కౌంటర్ల లెక్క ఇలా ఊగకూడదు.

ఇది 1974లో వియన్నాలో రౌఖ్, ట్రైమర్, బోన్సె చేసి చూపిన ప్రయోగం. నాలుగు తోరణాల బదులు ఒకే సిలికాన్ స్ఫటికంలోంచి చెక్కిన మూడు పలకలు. దారులు చీల్చడానికి ఒకటి, మలపడానికి ఒకటి, కలపడానికి ఒకటి. మొత్తం కలిపి చేతిలో పట్టేంత. పలకల్లోని పరమాణువుల వరసలు ఒకదానితో ఒకటి తప్పకుండా ఉండాలి కాబట్టే మూడింటినీ ఒకే స్ఫటికంలోంచి తీయాల్సి వచ్చింది. రియాక్టరు నుంచి వచ్చే న్యూట్రాన్లు ఎంత పలుచగా ఉంటాయంటే, ఒకటి స్ఫటికంలో ప్రయాణిస్తుండగా తరవాతది సాధారణంగా ఇంకా యురేనియం కేంద్రకంలోంచి బయటికే వచ్చి ఉండదు.

మరుసటి ఏడాది, 1975లో, అమెరికాలో కొలెల్లా, ఓవర్‌హౌజర్, వెర్నర్ ఇంకో అడుగు వేశారు. ఉపకరణాన్ని పక్కకు వాల్చారు. అంటే మన తూర్పు తోరణం పడమటి దానికంటే కాస్త ఎత్తయింది. ఎత్తు దారిన న్యూట్రాన్ వేగం కొంచెం తగ్గుతుంది, తరంగదైర్ఘ్యం కొంచెం పెరుగుతుంది, రెండు దారుల తరంగాల దశలో తేడా వస్తుంది. వాల్చే కోణం మారుస్తుంటే కౌంటర్ల లెక్క ఎగుడుదిగుడుగా మారింది. భూమి ఆకర్షణ ఒక కణపు క్వాంటం దశ మీద పనిచేస్తుందని మొదటిసారి ప్రయోగంలో కనిపించింది అప్పుడే. కొన్ని సెంటీమీటర్ల ఎత్తు తేడాతో, రాయిని కింద పడేసే బలాన్నే క్వాంటం తరంగంలో చదవగలగడం నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరించే విషయం.

1991లో కసేవిచ్, స్టీవెన్ చూ సోడియం పరమాణువులతో వ్యతికరణమాపకం కట్టినప్పుడు దారులను చీల్చడానికి, మలపడానికి, కలపడానికి స్ఫటికాలు వాడలేదు, లేజర్ కాంతి స్పందనలను వాడారు. వాటిని రామన్ స్పందనలు అంటారు. పరమాణువు ఒక ఫోటాన్‌ను తీసుకుని, వేరే శక్తి గల మరో ఫోటాన్‌ను వదిలే ఆ ప్రక్రియకు మూలం 1928లో కలకత్తాలో రామన్ కనిపెట్టిన ఫలితమే. భగవంతం విద్యార్థిగా పనిచేసిందీ, 1940లో వాల్తేరు నుంచి గ్రంథం రాసిందీ ఆ ఫలితం గురించే. ఇవాళ భూమి గురుత్వాన్ని వంద కోట్లలో కొన్ని వంతుల ఖచ్చితత్వంతో కొలిచే పరమాణు యంత్రాలకు ఆధారం ఇదే పద్ధతి. 

1999లో వియన్నాలో ఆర్న్ట్, జైలింగర్ల బృందం 60 కార్బన్ పరమాణువుల ఫుల్లరీన్ అణువులతో పట్టీలు తెచ్చింది. 2019 నాటికి దాదాపు 2,000 పరమాణువులున్న అణువుల దాకా వెళ్లారు. ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. కణం ఏ దారిన వెళ్లిందో చూస్తే పట్టీలు పోతాయని మనం పాఠాల్లో చెబుతాం. దాన్ని పట్టుకుని, చూసే మనిషి మనసే ప్రకృతిని మారుస్తుందని, మన పూర్వులు చెప్పింది ఇదేనని సభల్లో ప్రసంగాలు వింటున్నాం. పిల్లలకు ఇలా చెప్పడం అన్యాయం. 2004లో అదే వియన్నా బృందం 70 కార్బన్ల ఫుల్లరీన్లను లేజర్‌తో వేడిచేసి వ్యతికరణమాపకంలోకి పంపింది. వేడెక్కిన అణువు దారిలో కాంతిని వెదజల్లుతుంది. వేడి పెరిగేకొద్దీ పట్టీల స్పష్టత తగ్గుతూ పోయి చివరికి మాయమైంది. ఆ వెలువడ్డ కాంతిని ఎవరూ చూడలేదు, ఎవరూ కొలవలేదు. అణువు ఎక్కడుందన్న సమాచారం పరిసరాల్లోకి వెళ్లిపోయింది, అంతే చాలింది. ఎంత వేడికి ఎంత స్పష్టత పోవాలో సిద్ధాంతం ముందే లెక్క చెబుతుంది, కొలత ఆ లెక్కతో సరిపోయింది. మనసుకు ఇందులో పనిలేదు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. ఇంతదాకా అన్నీ రెండు దారులే. మూడో దారి తెరిస్తే ఏమవుతుంది?

హైస్కూలు లెక్కలు చాలు. తెర మీద సరిగ్గా మధ్యన ఒక బిందువు తీసుకుందాం. ఒక్కో చీలిక నుంచి అక్కడికి 1 పరిమాణం గల తరంగం ఒకే దశలో చేరుతుందనుకుందాం. ఎంత కాంతి కనిపిస్తుందో, అంటే కణం పడే సంభావ్యత ఎంతో తెలియాలంటే ఆ పరిమాణాన్ని వర్గం చేయాలి. ఒక్క చీలిక తెరిస్తే 1. రెండు తెరిస్తే 2 వర్గం, 4. మూడు తెరిస్తే 3 వర్గం, 9. ఇప్పుడు ఆ 9ని మూడూ తెరవకుండానే ముందే చెప్పగలమా? చెప్పగలం. చీలికలను క, ఖ, గ అందాం. క-ఖ జత 4, ఖ-గ జత 4, క-గ జత 4. కలిపితే 12. ఒక్కో చీలికనూ రెండేసి సార్లు లెక్కపెట్టాం కాబట్టి విడివిడి చీలికల 3 తీసేస్తే 9. సరిపోయింది. జతల మధ్య జరిగే వ్యతికరణం తెలిస్తే మూడింటి సంగతి పూర్తిగా తెలిసినట్టే. కొత్తగా మూడింటికి ఉమ్మడిగా ఏదీ పుట్టదు.

ఇది వర్గం వల్ల వచ్చిన ఫలితం. ప్రకృతి వర్గం బదులు ఘనం వాడి ఉంటే ఒక్కటి 1, జత 8, మూడు 27 అయ్యేవి. మూడు జతలు 24, అందులో 3 తీసేస్తే 21. 27కి 6 తక్కువ. అంటే మూడు చీలికల ప్రయోగం ఆ వర్గాన్నే, మాక్స్ బోర్న్ నియమాన్నే, నేరుగా నిలదీస్తుంది. ఈ నియమం పుట్టుక కూడా చెప్పదగింది. 1926లో బోర్న్ తన వ్యాసంలో సంభావ్యతకు తరంగ పరిమాణమే కొలత అని రాసి, ప్రూఫులు దిద్దుతూ అడుగున ఒక సూచికలో, ఇంకా జాగ్రత్తగా ఆలోచిస్తే దాని వర్గం అని చేర్చాడు. 1954లో ఆయనకు నోబెల్ బహుమతి తెచ్చిపెట్టిన భావం ఆ అడుగు సూచికలో ఉంది.

అంత మౌలికమైన నియమాన్ని మూడు చీలికలతో పరీక్షించవచ్చని 1994లో రాఫెల్ సార్కిన్ ఎత్తిచూపాడు. గురుత్వాకర్షణనూ క్వాంటం సిద్ధాంతాన్నీ కలపాలన్న అన్వేషణలో ఆయనకు ఈ ప్రశ్న తగిలింది. ప్రయోగం రావడానికి ఇంకో 16 ఏళ్లు పట్టింది. కెనడాలోని వాటర్లూలో గ్రెగర్ వైస్, ఊర్వశి సిన్హా, వారి సహచరులు 2010లో దాన్ని సైన్స్ పత్రికలో ప్రచురించారు. మొత్తం ఎనిమిది స్థితులు: మూడూ మూసి, ఒక్కొక్కటి తెరిచి, రెండేసి తెరిచి, మూడూ తెరిచి. ఒంటరి ఫోటాన్లతోనూ చేశారు. మూడింటి ఉమ్మడి వ్యతికరణం ఏమైనా ఉంటే అది జతల వ్యతికరణంలో నూరో వంతుకంటే తక్కువే అని తేలింది.

ఇందులో కష్టం ఎక్కడుందో విద్యార్థులు గమనించాలి. ఫోటాన్ కౌంటరు ఒక క్లిక్ ఇచ్చాక క్షణకాలం పనిచేయదు. ఆ వ్యవధిలో వచ్చిన ఫోటాన్ లెక్కకు రాదు. కాంతి 1 ఉన్నప్పుడు పోయేవి తక్కువ, 9 ఉన్నప్పుడు ఎక్కువ. దీన్ని సరిచేయకపోతే మూడింటి ఉమ్మడి వ్యతికరణం ఉన్నట్టే కనిపిస్తుంది. అంటే పరికరం చేసిన తప్పు ప్రకృతి రహస్యం వేషంలో వస్తుంది. ఇలాంటి ప్రయోగాల్లో ఏళ్లకేళ్లు పట్టేది ఆ వేషాలు విప్పడానికే.

ఊర్వశి సిన్హా తరవాత బెంగళూరులో రామన్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్‌కు వచ్చారు. రామన్ 1948లో స్థాపించిన సంస్థ అది. అక్కడా, ఒకప్పుడు భగవంతం నడిపిన ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లోనూ ఉన్న సిద్ధాంతకర్తలతో కలిసి ఆమె బృందం 2014లో ఇంకా లోతైన ప్రశ్న వేసింది. 12లోంచి 3 తీసేస్తే 9 అన్నప్పుడు మనం చెప్పకుండానే ఒకటి ఒప్పేసుకున్నాం. క ఒక్కటే తెరిచినప్పుడు దానిలోంచి వచ్చే తరంగమూ, మూడూ తెరిచినప్పుడు క లోంచి వచ్చే తరంగమూ ఒకటే అనుకున్నాం. అది నిజమా? క మాత్రమే తెరిచినప్పుడు ఖ, గ ఉన్న చోట గోడ ఉంది. మూడూ తెరిస్తే అక్కడ గోడ లేదు. తరంగం ఎదుర్కొనే అడ్డు ఆకారమే మారిపోయింది. ఫైన్‌మన్ పద్ధతిలో చెప్పాలంటే, కణానికి ఉన్న అన్ని దారుల్లో క లోంచి వెళ్లి, గోడను ఆనుకుని పాకి, ఖ లోంచి వెనక్కి వచ్చి, గ లోంచి మళ్లీ బయటపడే మెలిక దారులు కూడా ఉన్నాయి. ఖ, గ మూసేస్తే ఆ దారులు పోతాయి. కాబట్టి విడివిడిగా కొలిచి కూడితే అవి లెక్కలోకి రావు.

అంటే ఇంటర్ నుంచి ఎమ్మెస్సీ దాకా మనం బోర్డు మీద రాస్తున్న ఆ కూడిక అచ్చంగా నిజం కాదు, దాదాపుగా నిజం. దృశ్యకాంతికి ఆ తేడా చాలా చిన్నది, ఎలక్ట్రాన్లకు మరీ చిన్నది. చీలికల కొలతలతో పోలిస్తే తరంగదైర్ఘ్యం పెద్దదయ్యేకొద్దీ తేడా పెరుగుతుంది. ఇక్కడ ఆ బృందం తీసుకున్న నిర్ణయం నాకు ఎంతో నచ్చింది. కాంతిలో దొరకని దాన్ని ఇంకా ఖరీదైన కాంతి పరికరాలతో వెంటాడలేదు. తరంగదైర్ఘ్యం 5 సెంటీమీటర్లున్న మైక్రోవేవ్‌లు తీసుకున్నారు. సన్నటి చీలికల బదులు కళ్లతో చూసి, చేత్తో మార్చగల పెద్ద ద్వారాలు. తరంగం పంపడానికి ఒక యాంటెన్నా, పట్టడానికి ఒక యాంటెన్నా. గోడల నుంచి ప్రతిఫలించే తరంగాలు కొలతను చెడగొడతాయి కాబట్టి ప్రయోగాన్ని గౌరిబిదనూరు తీసుకెళ్లారు.

గౌరిబిదనూరు కర్ణాటకలో ఉంది గానీ, హిందూపురం పక్కన తెలుగు ధారాళంగా వినిపించే ప్రాంతం. 1970ల నుంచి అక్కడ రేడియో ఖగోళశాస్త్ర కేంద్రం ఉంది. ఆ ఆరుబయట తీసిన కొలతలు 2018లో వెలువడ్డాయి. మామూలు కూడిక నుంచి 6 శాతం దాకా తేడా! మన పాఠ్యపుస్తకాల సమీకరణానికీ, వాస్తవానికీ మధ్య ఉన్న సందు మైక్రోవేవ్‌లలో మొదటిసారి కొలతకు దొరికింది.

దీన్ని తప్పుగా అర్థం చేసుకోకండి. క్వాంటం సిద్ధాంతం కూలిపోలేదు, బోర్న్ వర్గమూ కదలలేదు. మాక్స్‌వెల్ సమీకరణాలను గోడల ఆకారంతో సహా పూర్తిగా సాధిస్తే ఆ తేడా రానే వస్తుంది. తప్పింది మన తొందరపాటు కూడిక. అయితే దీని పర్యవసానం పెద్దది. రేపు ఎవరైనా మూడు చీలికలతో సున్నా కాని జవాబు తెస్తే వెంటనే బోర్న్ నియమం తప్పిందని అనకూడదు. ముందు ఈ మెలిక దారుల వంతు తీసేయాలి. అసలు నియమాన్ని ఇంకా సున్నితంగా పరీక్షించాలన్నా ఈ వంతు ఎంతో ముందే తెలిసి ఉండాలి.

ఇప్పుడు మన కాలేజీల వైపు చూస్తాను. ప్రాక్టికల్స్‌లో సోడియం కాంతి తరంగదైర్ఘ్యం 5893 ఆంగ్‌స్ట్రాంలు రావాలని పిల్లలకు ముందే తెలుసు. రాకపోతే రీడింగులు మారుస్తారు, రికార్డు శుభ్రంగా ఉంటుంది, వైవా అయిపోతుంది. ఇది చూసి నేను బాధపడుతున్నాను. తప్పు పిల్లలది కాదు. జవాబు తెలిసిన ప్రశ్నే ఇస్తున్నాం కాబట్టి వాళ్లు జవాబు వైపు నుంచి నడుస్తున్నారు. జవాబు ముందే తెలియని ప్రశ్న ఒక్కటైనా ఇవ్వాలి.

ఈ మూడు ద్వారాల ప్రయోగం అలాంటిది. మన ఇంజనీరింగ్ కాలేజీల ఎలక్ట్రానిక్స్ ల్యాబుల్లో మైక్రోవేవ్ బెంచ్‌లుంటాయి. క్లిస్ట్రాన్‌తోనో గన్ డయోడ్‌తోనో నడిచేవి, తరంగదైర్ఘ్యం 3 సెంటీమీటర్లకు అటూఇటూ. హార్న్ యాంటెన్నాలూ ఉంటాయి. మూడు ద్వారాల పలక తయారు చేయండి. తరంగాన్ని పీల్చుకునే పదార్థంతో ఒకటి, అల్యూమినియం రేకుతో ఒకటి. రెండింటి ఫలితాలూ ఒకేలా రావు. ఎందుకో వెతకడమే సగం ప్రయోగం. ఎనిమిది స్థితుల్లోనూ కొలవండి. అన్నీ మూసిన స్థితిని మరచిపోకండి, పక్కల నుంచి దూరి వచ్చేదంతా అందులోనే తెలుస్తుంది. స్థితుల వరస ప్రతిసారీ మార్చండి, ఎందుకంటే వేడెక్కేకొద్దీ క్లిస్ట్రాన్ శక్తి మారుతుంది.

బెంచ్‌తో వచ్చే డయోడ్ డిటెక్టర్ తక్కువ శక్తి దగ్గర మాత్రమే వర్గ నియమం పాటిస్తుంది. శక్తి పెరిగితే దారి తప్పుతుంది. వాటర్లూలో ఫోటాన్ కౌంటరు పెట్టిన చిక్కే ఇక్కడ ఇంకో రూపంలో ఎదురవుతుంది. అటెన్యుయేటర్‌తో డిటెక్టర్‌ను ముందే సరిచూసి, ఆ పట్టిక రికార్డులో మొదటి పేజీలో పెట్టండి. తేడా వస్తే మొదట డిటెక్టర్‌ను అనుమానించండి, తరవాత నేల నుంచి వచ్చే ప్రతిఫలనాన్ని, ఆ తరవాత పలకల అమరికను.

బెంచ్ ఉన్న కాలేజీవాళ్లూ, పెద్ద మైదానం ఉన్న కాలేజీవాళ్లూ ఈ సభ ముగిశాక ఒకరితో ఒకరు మాట్లాడుకోండి. లెక్కలు చేసే విషయంలో నా వల్ల అయిన సాయం నేను చేస్తాను. వానలు వెనకబట్టి నేల బాగా ఆరాక మొదలుపెట్టండి. తడి నేల మైక్రోవేవ్‌లను ఎక్కువగా తిప్పికొడుతుంది.